దారం కట్టిన కొస

పూత గది
4వ తేదీ, మధ్యాహ్నం

అక్కా,

దగ్గు ఎలా ఉంది? "తగ్గింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. నిద్ర పడుతోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, డాక్టరమ్మ ఏమంటోంది, అన్నీ రాయి. ఆదివారం పక్కింటి ఫోన్లో అడుగుదామంటే నీ వెనక వార్డంతా వరస కట్టి నిలబడుతుంది. దొరికేదే పది నిమిషాలు, అందులో ఐదు "వినిపిస్తోందా" అనడానికే సరిపోతాయి. అందుకే ఉత్తరమే నయం. నాలుగు రోజులకైనా చేరుతుంది.

ఇక్కడ అంతా మామూలే. నువ్వు వెళ్ళి ఐదు నెలలైనా ఫిట్టరు ఇంకా తలుపు తోసుకొచ్చి "మీ అక్క ఉంటేనా..." అని మొదలెడతాడు. నీ అంత నీటుగా కాకపోయినా గొట్టాలు బాగానే వస్తున్నాయి. పల్లాడియం ద్రావణం కలపడం, పంపు పెట్టి బొట్టు బొట్టుగా గొట్టంలోకి తోయడం, ఆరబెట్టడం, కొలిమిలో కాల్చడం, కొసకి ఎర్రదారం కట్టడం. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. నువ్వు వెళ్ళే ముందు మనిద్దరం కలిసి పూసిన గొట్టం పోయిన వారమే రియాక్టరుకి ఎక్కింది.

నిన్నొకటి అడగాలి. రియాక్టరు గదిలో కొత్త ఆపరేటరు చేరాడు. మంచివాడే, నోటి నిండా మాట్లాడతాడు. ఆ గొట్టం పెట్టినప్పటి నుంచీ గొట్టం మధ్యలో వేడి చూపే మీటరు ముల్లు కిందనే ఉంటోందని భోజనాల దగ్గర చెప్పాడు. ఇదివరకు తొంభై దగ్గర నిలబడేదట, ఇప్పుడు డెబ్భై దాటడం లేదట. సరుకు మాత్రం పూర్తిగా తయారై వస్తోంది, ల్యాబు వాళ్ళు ఒక్క వంక పెట్టలేదు. చల్లగా నడుస్తోంది కాబట్టి ఇంకా గట్టిగా నడపొచ్చని ఫ్యాక్టరీ పెద్దాయన తెగ సంబరపడుతున్నాడు.

నాకెందుకో మనసు మనసులో లేదక్కా. హైడ్రోజన్ కలిసినప్పుడు వేడి పుట్టి తీరాలి కదా. సరుకు తయారవుతోందంటే వేడి పుట్టినట్టే. మరి ఎక్కడికి పోతోంది? పైకి అడిగితే నవ్వుతారని అడగలేదు. నువ్వైతే నవ్వి అయినా జవాబు చెబుతావని రాస్తున్నా.

నీ
పిట్ట


ఛాతీ ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, ఏడో మంచం
8వ తేదీ

పిట్టా,

నవ్వాను. పక్క మంచం ఆవిడ లేచి కూర్చుని ఏమైందని అడిగింది. కుక్కరు కూత వేస్తే వీధిలోకి పరుగెత్తే పిల్ల పెద్దదై రియాక్టరు ఉన్న చోట ఉద్యోగం చేస్తోందని చెప్పాను. ఆవిడా నవ్వింది. ఇక్కడ నవ్వితే దగ్గు వస్తుంది, కాబట్టి ఆ పాపం నీదే. దగ్గు తగ్గింది. నిజంగానే తగ్గింది. మెట్ల సంగతి అడగకు, మెట్లు ఎక్కనివ్వరు.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఇదంతా నీకు ముందే చెప్పాల్సింది, ఆ నెలలో నాకు ఊపిరి ఆడితే కదా.

ముడి సరుకు గొట్టంలోకి దూరే చోట చాలా ఘాటుగా ఉంటుంది. అక్కడే పూత మందంగా ఉంటే పనంతా ఆ జానెడు మేరలోనే జరిగిపోతుంది, వేడంతా ఆ జానెడులోనే పుడుతుంది. అందుకని మొదట్లో పల్చగా, పోను పోను మందంగా ఉండేలా పూస్తాం. పంపు ఉన్న వైపు ద్రావణం ముందు తగులుతుంది, లోహం అక్కడ ఎక్కువ పడుతుంది. అవతలి కొసకి చేరేసరికి పల్చబడుతుంది. ఆ పల్చటి కొసకే దారం. దారం ఉన్న కొసని ఫిట్టరు సరుకు దూరే వైపు బిగిస్తాడు. మొదట్లో ఏమీ జరగదన్న ధీమాతోనే అక్కడ ముల్లు పెట్టలేదు.

మధ్యలో చల్లగా ఉండి కూడా సరుకు తయారవుతోందంటే రెండే కారణాలు. ముల్లు చెడిపోయి ఉండాలి, లేదా మధ్యకి రాకముందే పని అయిపోతూ ఉండాలి. రెండోది జరగడానికి వీల్లేదు. ముల్లు మార్చమను. నీ బెంగ తీరాలంటే సొట్టపడి పక్కన పడేసిన గొట్టం ఏదైనా ఉంటే ఫిట్టరుతో రెండు కొసలూ కోయించి చూసుకో. మందంగా ఉన్న వైపు నల్లగా ఉంటుంది, పల్చటి వైపు బూడిద రంగులో ఉంటుంది. దారం బూడిద రంగు వైపు ఉంటుంది. చూసి హాయిగా నిద్రపో.

మీ బావ ఉత్తరం రాసి నెల దాటింది. స్టోర్సులో పెట్టెలెత్తి నడుం పట్టేసిందేమో కనుక్కో. నాలుగు ముక్కలు రాయడానికి నడుంతో పనేమిటని కూడా అడుగు.

అక్క


పూత గది
13వ తేదీ, భోజనాల వేళ

అక్కా,

కోయించాను.

మనిద్దరం పూసినదానితో కలిపి నేను పూసిన పన్నెండింటిలో ఒకటి పోయిన నెల బల్ల మీంచి జారి సొట్టపడింది. దాన్నే కోయమన్నా. ఫిట్టరు "ఎందుకమ్మా" అంటూనే కోసి, రెండు ముక్కలూ నా చేతిలో పెట్టి టీకి వెళ్ళిపోయాడు. దారం కట్టిన ముక్క లోపల కాటుక పూసినట్టు నల్లగా ఉంది. రెండోది బూడిద రంగులో ఉంది. ముక్కలు తారుమారు చేశాడేమోనని మళ్ళీ చూశాను. దారం నల్లదానికే ఉంది. స్టూలు మీద కూర్చుండిపోయాను.

అక్కా, బల్ల మీద పంపు తలుపు వైపు ఉంటుంది కదా. నేను దారం కూడా తలుపు వైపు కొసకే కడుతున్నా. నువ్వు అలాగే కట్టేదానివని నాకు గుర్తు. కానీ పల్చటి కొసకి కట్టాలని నువ్వే రాశావు, అంటే గోడ వైపు కట్టేదానివన్నమాట. నేనే పరాకుగా చూసి ఉంటాను. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నది ఒక్క నెల. దారం ఫిట్టరు కోసమని మాత్రమే తెలుసు, ఎందుకని అడగాలని తోచలేదు. ఇప్పుడు రియాక్టరులో ఉన్నదానికి కూడా దారం నా చేత్తోనే కట్టాను, నువ్వు చూస్తూ ఉన్నావు. నీకు ఒంట్లో బాగుండక కనిపెట్టలేదేమో.

అంటే గొట్టం తిరగబడి ఉంది. మందపాటి పూత ఘాటైన సరుకుకి ఎదురుగా ఉంది. వేడంతా మొదటి జానెడులో పుడుతోంది, అక్కడ ముల్లు లేదు. మధ్యలో ముల్లు చల్లగా ఉందని అందరూ మురిసిపోతున్నారు.

ఇంకోటి విను. వచ్చే 27 నుంచి రెట్టింపు ఘాటు సరుకు నడుపుతారట. నోటీసు అంటించారు.

పెద్దాయనకి చెప్పేయనా? చెబితే నా గతి ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే ఆ గదిలో ఏమవుతుందోనని అంతకన్నా భయం. అన్నం సయించడం లేదు. ఇవాళ ద్రావణం ఒలకబోశాను. నువ్వు ఏం చెబితే అది చేస్తా.

పిట్ట


ఛాతీ ఆసుపత్రి
17వ తేదీ

పిట్టా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

అవును, గోడ వైపే కట్టాలి. నీకు కళ్ళెక్కడున్నాయని తిట్టాలని ఉంది. అయినా తిట్టి లాభమేమిటి, జరిగిందేదో జరిగింది.

ఎవరికీ చెప్పకు. మిగిలిన గొట్టాలకి దారాలు కోసేసి రెండో కొసకి కట్టు. ఫిట్టరు లేనప్పుడు కట్టు. కోసిన ముక్కలు తుక్కులో కలిపెయ్యి. రియాక్టరులో ఉన్నది వచ్చే నెల మధ్యలో ఎలాగూ దింపుతారు, దాంతో ఈ పీడ విరగడవుతుంది. ఇన్ని రోజులు నడిచింది, ఇంకొన్ని రోజులు నడవదా? 27 అని అంటించారు కానీ, పెద్దాయన చెప్పిన తేదీకి చెప్పిన పని ఎప్పుడు మొదలెట్టాడు గనక. ఆపరేటరు సంగతి ఆపరేటరు చూసుకుంటాడు. అతనికీ కళ్ళున్నాయి, చేతులున్నాయి.

నేను ఇక్కడ ఉండాలంటే నెలనెలా పెద్దాయన సంతకం పెట్టిన కాగితం రావాలి. పూత గది పేరు, మన ఇంటి పేరు ఆయన నోట పడకుండా ఉండడమే మంచిది. నా కోసమైనా నోరు కుట్టుకుని కూర్చో.

ఇక్కడ చలి మొదలైంది. పక్క మంచం ఆవిడ దగ్గర ఊలు తీసుకుని స్వెటరు అల్లుతున్నా. చేతులు పొడుగు వస్తున్నాయి. నీకు సరిపోతుందో లేదో, భుజం కొలత రాసి పంపు.

అక్క


ఇల్లు
22వ తేదీ

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పది దారాలు కోసి పది దారాలు కట్టాను. కట్టినంతసేపూ తలుపు వైపే చూపు. దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. దొంగతనమే కదా మరి.

కానీ అక్కడ ఉన్నదాన్ని ఏం చేయను? రోజుకి రెండు మూడుసార్లు ఏదో ఒక వంకతో రియాక్టరు గదికి వెళుతున్నా. "ఏమమ్మా, పూత గదిలో గాలి ఆడటం లేదా" అని వాళ్ళకి నవ్వులాటగా ఉంది. ఇవాళ పొద్దున అరగంట నిలబడి చూశాను. ఆ ఆపరేటరు వచ్చి మీటరు అద్దం మీద వేలి కణుపుతో టక్ టక్ మని రెండుసార్లు కొడతాడు. "లేమ్మా, లే" అంటాడు ముల్లుతో. అది లేవదు. డెబ్భై దగ్గరే ముడుచుకుని ఉంటుంది. అప్పుడు హైడ్రోజన్ వాల్వు పావు చుట్టు తిప్పుతాడు. మళ్ళీ టక్ టక్. మళ్ళీ పావు చుట్టు. ముల్లు చల్లగా ఉందని అతను పెంచుతున్నాడు. పెంచినదంతా మొదటి జానెడులోకే పోతోంది. నాకు అరుద్దామనిపించింది.

మొదటి భాగం చుట్టూ వేడి బయటికి రాకుండా గాజు దూది, దాని మీద రేకు. దగ్గరికి వెళ్ళి మొహం పెట్టాను. రేకు మీంచే సెగ కొడుతోంది. "ఆ మూల నీకేం పని, అవతలకి నడు పిచ్చిమొహమా" అని నన్ను తరిమేశాడు. వేడిగా లేదా అని అడిగాను. ఫ్యాక్టరీ అన్నాక వేడిగా ఉండదా అన్నాడు.

27 ఖాయం. డ్రమ్ములు వచ్చేశాయి, గది ముందు వరసగా పెట్టారు. ఆ రోజు మొదటి షిఫ్టు అతనిదే. పెద్దాయన ఏరికోరి వేశాడు.

నిద్ర లేదు. కళ్ళు మూస్తే టక్ టక్ వినిపిస్తోంది. అక్కా, ఒకవేళ ఆ ఆపరేటరు నీకు తెలిసినవాడైనా ఇలాగే ఊరుకోమంటావా? ఊరికే అడుగుతున్నా.

భుజం కొలత రాయలేదు. ఏమీ అనుకోకు.

పిట్ట


ఛాతీ ఆసుపత్రి
26వ తేదీ, సాయంత్రం ఐదు గంటలు

పిట్టా,

బియ్యం డబ్బానైనా, ఆగిపోయిన గడియారాన్నైనా కణుపుతో రెండుసార్లు కొట్టి "లేమ్మా, లే" అనే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే. పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. మీ బావ రియాక్టరు మీద ఎప్పటి నుంచి ఉన్నారు? నాకెందుకు చెప్పలేదు? కంగారు పడతానని నీ చేత ఒట్టు వేయించుకుని ఉంటారు. ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లని చేశారు. స్టోర్సులో పెట్టెలెత్తుతున్నారని నేనిక్కడ నడుం నొప్పికి తైలం పేర్లు కనుక్కుంటున్నాను.

నీ ఉత్తరం మూడింటికి అందింది. చదివి ఆఫీసు గదికి పరుగెత్తాను. పరుగెత్తకూడదు, పరుగెత్తాను. గుమాస్తా కాళ్ళావేళ్ళా పడి ఫోను తీసుకున్నా. పక్కింటి నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీకి చేస్తే గేటు దగ్గర ఎవరో ఎత్తారు. పూత గదిలో మా చెల్లికి చెప్పండి, గొట్టం తిరగబడి ఉంది, దింపేయమనండి అన్నాను. "గొట్టమంటే ప్లంబరుకి చెప్పాలమ్మా, రేపు పంపిస్తాం" అన్నాడు. మళ్ళీ చేద్దామంటే దగ్గు పట్టుకుంది, మాట రాలేదు. నర్సులొచ్చి తీసుకొచ్చి పడుకోబెట్టారు. ఆఫీసు తాళం వేశారు. రేపు పదింటికి గానీ తియ్యరు. మీ బావ షిఫ్టు ఆరింటికి. ఈ ఉత్తరం నీకు 30 దాకా చేరదని తెలుసు. తెలిసీ రాస్తున్నా. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పిట్టా, తప్పు నీది కాదు.

పంపు ఎప్పుడూ గోడ వైపు ఉండేది. తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. పంపు పక్కన కూర్చుని కాపలా కాయాలి, ఆ మూలలో గాలి ఆడదు, ఆవిరంతా అక్కడే తిరుగుతుంది. చివరి నెలలో నాకు అక్కడ ఊపిరి అందలేదు. ఎవరినీ అడగకుండా పంపుని తలుపు వైపుకి మార్చుకున్నాను, కాస్త గాలి తగులుతుందని. దారం మాత్రం తొమ్మిదేళ్ళుగా తలుపు వైపు కొసకే కడుతున్నా కదా, చెయ్యి అక్కడికే పోయింది. పంపుతో పాటు దారం కూడా మారాలని నాకు తట్టలేదు. ఆ వారమే నువ్వు వచ్చి కూర్చున్నావు. నువ్వు పరాకుగా చూడలేదు. నేను చేసింది చేసినట్టు చూశావు, చూసింది చూసినట్టు చేశావు.

"పంపు తలుపు వైపు ఉంటుంది కదా" అని నువ్వు రాసిన చోటే నాకు అర్థమైపోయింది. అయినా నీకు కళ్ళెక్కడున్నాయని రాశాను. తొమ్మిదేళ్ళలో ఒక్క గొట్టం వెనక్కి రాలేదన్న పేరు నాది. ఈ మంచం ఆ పేరు మీద దొరికిందే. అది పోతుందని భయపడ్డాను. మొన్న ఆదివారం ఫోన్లో నీ గొంతు వణుకుతుంటే విన్నాను, విని స్వెటరు గురించి మాట్లాడాను.

ఆపాల్సి వస్తే ముందు హైడ్రోజన్ కట్టేయాలి. సరుకు ఆపి ఉత్త ద్రావకం పంపుతూ ఉండాలి, అది ఆపకూడదు, ఆపితే లోపల ఉన్నది ఉడికిపోతుంది. తర్వాత నైట్రోజన్. మీ బావకి తెలుసో తెలియదో. ఎవరు నేర్పారో ఆయనకి.

ఏమీ కాకూడదు. నేను అడగగలిగింది ఇదొక్కటే. నాలుగు రోజులు నీ జవాబు కోసం ఎలా ఉండాలో తెలియడం లేదు. ఇక్కడ ఆసుపత్రి గేటు దగ్గరి మనిషి వచ్చి నా పేరు పిలిస్తే చాలు పైప్రాణాలు పైనే పోతున్నాయి.

అక్క


ఇల్లు
30వ తేదీ, శనివారం సాయంత్రం

అక్కా,

బావ బతికే ఉన్నాడు. అది ముందు రాస్తున్నా. ఇక మిగిలింది విను.

27 పొద్దున క్యాంటీన్లో రెండో షిఫ్టు ఆపరేటరు భార్య కనిపించింది, ప్యాకింగులో పనిచేస్తుందే, ఆవిడ. వచ్చే వారం నుంచి తన భర్తకి మొదటి షిఫ్టు వేశారని, పొద్దున్నే కలిసి రావచ్చని సంతోషంగా చెప్పింది. తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోసింది. నేను తాగలేకపోయాను. లేచి నేరుగా పెద్దాయన గదికి వెళ్ళాను. నీ జవాబు కోసం ఆగితే ఇక ఆగినట్టే అనిపించింది.

గొట్టం తిరగబడిందని, దారం తప్పు కొసకి నేనే కట్టానని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇప్పుడే చూసి వచ్చాను, ముల్లు అరవై ఎనిమిది దగ్గర చల్లగా ఉంది కదమ్మా అన్నాడు. చల్లగా ఉండడమే జబ్బు సార్ అన్నాను. అర్థం కాలేదు ఆయనకి. నాకు విడమర్చి చెప్పే ఓపిక లేదు. బయటికొచ్చి బకెట్లో గుడ్డ ముంచుకుని రియాక్టరు గదికి పరుగెత్తాను. కొత్త సరుకు మొదలై అప్పటికి నలభై నిమిషాలు. ఫిట్టరు కత్తెర లాక్కుని రేకు కోశాను, దూది పీకాను, గుడ్డని గొట్టం మొదట్లో వేశాను. ఊపిరి తీసి వదిలేలోగా గుడ్డ పొడిబారి అంచులు మాడాయి.

బావ గుడ్డ వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. హైడ్రోజన్ కట్టేశాడు. "అందరూ గోడ వెనక్కి పోండి. పిట్టా, నువ్వు కూడా" అన్నాడు. ద్రావకం ఆపకూడదని అతనికి తెలుసు. ఆ వాల్వు చేత్తో పట్టుకుని సరిచేస్తూ ఉండాలి, పట్టుకునేవాడు అక్కడే ఉండాలి. నేను రానంటే ఫిట్టరు నా జబ్బ పట్టుకుని లాక్కెళ్ళాడు.

ఇరవై రెండు నిమిషాలు గోడ వెనక నిలబడ్డాం. పెద్దాయన కూడా. గొట్టం కిర్రుమని చప్పుడు చేసింది రెండుసార్లు. అలా చప్పుడైనప్పుడల్లా నీకు ఏమని రాయాలా అని ఆలోచించాను. మొదటి వాక్యం దొరకలేదు.

తర్వాత బావ తడిసి ముద్దై బయటికొచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. తాగి, నన్ను పక్కకి పిలిచి, ఎప్పటి నుంచి తెలుసు అన్నాడు. రెండు వారాల నుంచి అన్నాను. తిడతాడనుకున్నా. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. మర్నాడు గొట్టం విప్పితే మొదటి కీలు దగ్గర లోపలిది కారకుండా పెట్టిన గ్యాస్కెట్ వేళ్ళ మధ్య పొడిగా రాలింది. ఇంకో అరగంట అయ్యుంటే, అని ఫిట్టరు అక్కడితో ఆపేశాడు. 27 మధ్యాహ్నమే గేటు దగ్గరి నుంచి ప్లంబరు వచ్చి, కారుతున్న గొట్టం ఎక్కడని నన్ను అడిగాడు. ఎందుకొచ్చాడో నాకు ఇవాళ అర్థమైంది.

తప్పు నాదేనని కాగితం రాసి సంతకం పెట్టాను. నన్ను పూత బల్ల మీంచి తీసేశారు. సీసాలు కడుగుతున్నా. పైకి చెప్పకపోయినా అందరూ నన్ను చూసి కాస్త పక్కకి జరుగుతున్నారు.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

చదివాక చాలాసేపు కోపం కూడా రాలేదు. 17వ తేదీ నాటికే నీకు తెలుసు. తెలిసి, ఆపరేటరుకి కళ్ళున్నాయి, చేతులున్నాయి అని రాశావు. అతను మీ ఆయన కాకపోయి ఉంటే నీ ఈ ఉత్తరం వచ్చేదా అక్కా? ఆ ప్యాకింగు ఆవిడ భర్త అయితే స్వెటరు చేతులు ఇంకా పొడుగు వచ్చేవి. నువ్వు నన్ను తిట్టినందుకు కాదు నా బాధ, తిట్లు నీ చేత చాలా తిన్నాను. నేను సాయం అడిగితే నాకు దారాలు మార్చి కట్టమని నేర్పావు.

నేనూ తక్కువదాన్ని కాదులే. పది దారాలు మార్చి కట్టాను. ఆ గదిలో బావ లేకపోతే ఆ పూట క్యాంటీన్లోంచి లేచేదాన్నా అని నన్ను నేను అడుగుతున్నా. లేచేదాన్నని గట్టిగా అనలేకపోతున్నా. ఇప్పుడు నిద్ర పట్టనిది అందుకే.

నీ ఉత్తరం బావకి చూపించలేదు, పెద్దాయనకీ చూపించలేదు. చింపలేదు కూడా. తప్పు నాదేననుకుని బావ నన్ను ఓదారుస్తున్నాడు, చిన్నదానివి, ఒక నెలలో ఎవరికి మాత్రం ఏం వస్తుంది అంటున్నాడు. ఆ ఓదార్పు నాకు వద్దు.

రేపు ఆదివారం అతను నీ దగ్గరికి వస్తున్నాడు. తపాలాలో వెయ్యకుండా ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపుతున్నా. కవరు అతికించాను, విప్పి చూసే మనిషి కాదు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ నీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చెల్లెలు ఏం రాసిందో అని నీ మొహంలోకి చూస్తూ ఉంటాడు.

చదవడం అయిపోయింది కదా. ఇక తలెత్తి అతనికి చెప్పు.

పిట్ట